ఎరుపు ఎంత తగ్గింది? బాల్కనీలో సమతాస్థితి: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 21, ఆదివారం

ఇదంతా ఒక్క మాట దగ్గర మొదలైంది. మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, సెలవులకు రామంతాపూర్‌లో మా ఇంటికి వచ్చింది. ఎంసెట్ (పేరు ఈఏపీసెట్ అయినా మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే) కోసం, సమతాస్థితి (చర్య రెండు వైపులా ఒకే వేగంతో నడుస్తూ, పైకి ఏదీ మారనట్టు కనిపించే స్థితి) గురించిన లీ చాట్లియర్ సూత్రం గడగడా అప్పచెప్పింది: "సమతాస్థితిలో ఉన్న వ్యవస్థ మీద గాఢత, పీడనం, ఉష్ణోగ్రతల్లో ఏదైనా మారిస్తే, ఆ మార్పును వ్యతిరేకించే దిశలో సమతాస్థితి జరుగుతుంది."

"ఎంత వ్యతిరేకిస్తుంది?" అని అడిగాను.

"మొత్తం. మళ్ళీ మామూలు అయ్యేదాకా కదా పిన్నీ?"

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, ఇప్పుడు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. మొత్తం కాదని గట్టిగా తెలుసు. ఎంత అంటే మాత్రం చప్పున ఒక అంకె చెప్పలేకపోయాను. పదేళ్ళ కిందటి చదువు గాలికి పోయిందని సిగ్గేసింది. అందుకే ఈ ప్రాజెక్టు. బాల్కనీలో, ఇంట్లో చేయదగ్గ పదార్థాలతో సమతాస్థితిని కదిలించాలి, ఎంత కదిలిందో కొలవాలి.

అమ్మ షరతులు: వంటగది గిన్నెలు ముట్టుకోకూడదు, ఫ్రిజ్‌లో ఏదీ పెట్టకూడదు. నా షరతులు: కళ్ళద్దాలు, చేతి తొడుగులు, గాఢ ఆమ్లాలు ఇంట్లోకి రావు, ఏ వాయువునూ తయారుచేయం.

ఏప్రిల్ 23

ఆఫీసు నుంచి అటే కోఠీ. గుజరాతీ గల్లీలో తిరుగుతుంటే ఒక సంగతి తట్టింది. మాకు కావలసిన రసాయనాల్లో రెండు ఈ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లోనే ఉన్నాయి. పీసీబీ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు) మీద రాగి కరిగించడానికి వాడే పొడి ఫెర్రిక్ క్లోరైడే. బోర్డులు, ఫోన్లు తుడవడానికి మెకానిక్కులు వాడే ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. రెండూ కొన్నాను. ఎరుపు, నీలం ఎల్‌ఈడీలు చెరో నాలుగు, నగల తూకానికి వాడే చిన్న మిషన్ ఒకటి కూడా.

పొటాషియం థయోసయనేట్, కోబాల్ట్ క్లోరైడ్, మిథైల్ రెడ్ (ఆమ్లత్వాన్ని బట్టి రంగు మారే సూచిక), కొంచెం సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ల్యాబ్ సామాన్లు అమ్మే చోట దొరికాయి. "ఏ కాలేజీ మేడమ్?" అని అడిగాడు. ఇంట్లో పిల్లకు చూపించడానికి అన్నాను. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, కోబాల్ట్ సీసా మీది పుర్రె గుర్తును వేలితో తట్టి మరీ ఇచ్చాడు. మంచి పని చేశాడు.

ఏప్రిల్ 24

మొదటి రోజే తుస్సు.

ఫెర్రిక్ క్లోరైడ్ పొడిని కుళాయి నీళ్ళలో కలిపాం. మా అపార్ట్‌మెంటుకు ఎక్కువగా బోరు నీళ్ళే. పసుపురంగు ద్రావణం రావాల్సింది, పదినిమిషాల్లో తుప్పు పట్టిన ట్యాంకు అడుగునీళ్ళలా గోధుమ రంగు మడ్డి దిగింది. కల్తీ పొడి అంటగట్టాడని పిల్ల తీర్మానించేసింది.

పొడి తప్పేం లేదు. ఫెర్రిక్ అయాను నీటితో చర్య జరిపి కొంత ఐరన్ హైడ్రాక్సైడ్‌ను, హైడ్రోజన్ అయాన్లను ఇస్తుంది. అదీ రెండు వైపులా నడిచే చర్యే. మా బోరు నీళ్ళలో బైకార్బొనేట్ దండిగా ఉంది. అది హైడ్రోజన్ అయాన్లను పుట్టినవి పుట్టినట్టే తినేస్తుంటే చర్య ముందుకే పోతుంది, మడ్డి పెరుగుతుంది. దానికి మందు హైడ్రోజన్ అయాన్లను ఎదురు పోయడమే. కాసింత సజల ఆమ్లం వేసి కలిపాం. చప్పున ఏం జరగలేదు. అరగంటకు నీళ్ళు తేరుకుని పసుపు రంగుకొచ్చాయి. అంటే అనుకోకుండా మొదటి ప్రయోగం అయిపోయింది.

ఇక నుంచి అన్నింటికీ బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే.

ఏప్రిల్ 27

సరైన ద్రావణాలు కుదిరాయి. ఫెర్రిక్ క్లోరైడ్ 0.54 గ్రాములు, థయోసయనేట్ 0.19 గ్రాములు, వేర్వేరుగా 100 మి.లీ. నీటిలో. ఇనుము ద్రావణం ఉన్న సీసాలో కొద్దిగా ఆమ్లం. తర్వాత రెండింటినీ పదింతలు పలచన చేస్తే చెరో 2 మిల్లీమోలార్ (లీటరుకు మోల్‌లో వెయ్యో వంతు ఒక మిల్లీమోలార్) ద్రావణం. రంగులేని థయోసయనేట్‌ను లేత పసుపు ఇనుములో పోయగానే నారింజ కలిసిన ఎరుపు. ఎంత తెలిసినా, కళ్ళ ముందు అలా మారితే "అబ్బ" అనకుండా ఉండలేం.

ఫెర్రిక్ అయాను + థయోసయనేట్ అయాను ⇌ ఎర్రని సంక్లిష్ట అయాను

ఒక గ్లాసులో ఇనుము చుక్కలు ఇంకొన్ని వేస్తే ఎరుపు ముదిరింది. ఇంకో గ్లాసులో థయోసయనేట్ చుక్కలు వేసినా ముదిరింది. పిల్ల ఇక్కడ మంచి ప్రశ్న వేసింది. "దేన్ని వేసినా ముదురుతోందంటే, రెండూ ఇంకా మిగిలే ఉన్నాయన్నమాటేగా?" అవును. ఏదో ఒకటి పూర్తిగా అయిపోయి ఉంటే, రెండోదాన్ని ఎంత పోసినా రంగు కదిలేది కాదు. నన్నడిగితే సమతాస్థితి పాఠం ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి, నిర్వచనంతో కాదు.

తర్వాత నేను ఫోన్ మాట్లాడుతుండగా ఒక ఘనకార్యం జరిగింది. ఒక గ్లాసు కొద్దిగా మసకబారినట్టు అనిపించి, మొన్న ఆమ్లం వేస్తే మడ్డి పోయింది కదా అని, ఆమ్లం సీసా నేను అలమారులో పెట్టి తాళం వేశాను కాబట్టి, నిమ్మకాయ పిండేసింది. ఆమ్లమే కదా! ఎరుపు కాస్తా వెలిసిపోయి లేత పసుపు మిగిలింది. పిల్ల మొహం కూడా అలాగే పాలిపోయింది.

నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లానికి ఇనుమును పట్టుకునే గుణం ఉంది. స్వేచ్ఛగా ఉన్న ఫెర్రిక్ అయాన్లను అది లాగేసుకుంటే, ఎర్రని అయాన్లు విడిపోయి ఆ లోటు కొంత పూరిస్తాయి. వాటినీ సిట్రేట్ లాగేస్తుంది. దీనికి తోడు నిమ్మలోని సి విటమిన్ కొంత ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చేస్తుంది. అది వేరే చర్య, సమతాస్థితి ఖాతాలో రాయకూడదు. ఇనుము ద్రావణం బాగా గాఢమైనది కొన్ని చుక్కలు వేస్తే ఎరుపు తిరిగి వచ్చింది. రికార్డులో "నిమ్మకాయ ప్రమాదం" అని రాసుకుంది. నేనైతే ఆ రోజుకు అదే మంచి ప్రయోగం అంటాను.

ఏప్రిల్ 28, ఆదివారం

నీళ్ళు కలిపితే రంగు తగ్గుతుంది. ఇందులో వింతేముంది, పప్పుచారులో నీళ్ళు పోసినా పలచనవుతుంది కదా అని మా ఆయన. న్యాయమైన ప్రశ్నే. సమతాస్థితి కదిలినందుకు తగ్గిందా, ఊరికే పలచనై తగ్గిందా, విడదీసి చూపించాలి.

దీనికో చిట్కా ఉంది: గ్లాసును పక్కనుంచి కాకుండా పైనుంచి చూడాలి. ఒకేలాంటి, అడుగు చదునుగా ఉన్న రెండు గాజు గ్లాసుల్లో సమానంగా రంగు ద్రావణం పోసి, ఒకదానిలో అంతే నీరు కలిపామనుకోండి. నీటి మట్టం రెట్టింపవుతుంది, గాఢత సగమవుతుంది. పైనుంచి చూసే కంటికి దారిలో తగిలే రంగు కణాల సంఖ్య మాత్రం మారదు. కాబట్టి మామూలు రంగునీళ్ళయితే రెండు గ్లాసులూ పైనుంచి ఒకేలా కనిపించాలి.

ముందు టీ డికాక్షన్‌తో సరిచూద్దామనుకున్నాం. కుళాయి నీళ్ళు పోశాం, తీరా చూస్తే నీళ్ళు పోసిన గ్లాసే ఎక్కువ నల్లగా ఉంది! మళ్ళీ బోరు నీళ్ళే. క్షారగుణం తగిలితే టీ నల్లబడుతుంది, నిమ్మకాయ పిండితే తెల్లబడుతుంది. టీ రంగు కూడా ఒక సమతాస్థితే కాబట్టి, సరిచూసుకోవడానికి అది పనికిరాదు. చివరికి డిస్టిల్డ్ నీటిలో మిఠాయి రంగు చిటికెడు కలిపి చేస్తే, పైనుంచి రెండు గ్లాసులూ అచ్చం ఒకేలా ఉన్నాయి. హమ్మయ్య.

ఇప్పుడు అసలుది. ఇనుము ఎరుపు, పైనుంచి చూపు. నీళ్ళు పోసిన గ్లాసు స్పష్టంగా వెలిసింది. మా ఆయన కూడా ఒప్పుకున్నాడు. ఎర్రని అయాన్లు నిజంగానే విడిపోయాయి.

లెక్క వేశాం. ఈ చర్యకు సమతాస్థితి స్థిరాంకం (ఎర్రని అయాన్ల గాఢతను మిగిలిన రెండు అయాన్ల గాఢతల లబ్ధంతో భాగిస్తే వచ్చే అంకె, గాఢతలు లీటరుకు మోల్‌లలో) సుమారు 140 అనుకుంటే, రెండు ద్రావణాలూ సమంగా కలిపాక చెరో 1 మిల్లీమోలార్ ఉంటుంది. అందులో ఎర్రగా మారేది 0.11 మాత్రమే. అంటే ఇనుములో 11 శాతం! గ్లాసంతా ఎర్రగా కనిపిస్తుంటే 89 శాతం ఇనుము ఊరికే తిరుగుతోంది. రెట్టింపు పలచన చేస్తే ఎర్రని అయాన్ల గాఢత 0.031కి పడుతుంది. ఘనపరిమాణం రెట్టింపు కాబట్టి, మిగిలిన ఎరుపు మొదటిదానిలో 56 శాతం. కంటికి కనిపించినదానికి ఇది సరిగ్గా సరిపోయింది.

మే 1

కొలత మొదలు. అట్టపెట్టెకు లోపల నల్ల కాగితం అంటించి, ఒక పక్క ఎల్‌ఈడీ, మధ్యలో గ్లాసు, అవతల ఫోన్. ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్.

పొద్దుటి రెండు గంటలు దండగ. ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాను. ఎరుపు ఎంత ముదిరినా అంకె కదలదు. ఎర్రని ద్రావణం ఎర్ర వెలుతురును హాయిగా వదిలేస్తుంది కదా, అది మింగేది నీలాన్ని. బీఎస్సీ పట్టా గోడకు వేలాడుతున్నది ఎందుకో! నీలం ఎల్‌ఈడీ మార్చగానే పని జరిగింది.

ఉత్త నీళ్ళు: 400 లక్స్. ఎర్రని మిశ్రమం: 52. ఈ రెండింటి నిష్పత్తికి సంవర్గమానం తీస్తే 0.89; అదే ఎరుపు కొలత. ఇప్పుడు థయోసయనేట్ మొత్తం రెట్టింపయ్యేలా గాఢ ద్రావణం చుక్కలు వేశాం (చుక్కలే కాబట్టి ఘనపరిమాణం మారలేదనుకోవచ్చు): 14 లక్స్. ఎరుపు కొలత 1.46. అంటే 1.64 రెట్లు. లెక్క ప్రకారం 0.11 నుంచి 0.20కి, సుమారు 1.8 రెట్లు కావాలి. అట్టపెట్టె సందుల్లోంచి వెలుతురు చొరబడుతోంది, ఎల్‌ఈడీది ఒకే ఒక్క రంగూ కాదు. ఈ సరంజామాకు ఇది ఎక్కువే.

అసలు సంగతి ఈ లెక్క లోపల ఉంది. మేం అదనంగా వేసిన థయోసయనేట్ 1 మిల్లీమోలార్. అందులో చర్య జరిపి ఖర్చయింది 0.09. మిగతా 0.91 అలాగే ఉంది. పిల్ల నోట్సులో "వ్యతిరేకించింది: 9 శాతం" అని రాసి, పక్కన మూడు ప్రశ్నార్థకాలు పెట్టింది.

"ఇదేం వ్యతిరేకత పిన్నీ, పేరుకే" అంది.

ఏప్రిల్ 21న నేను చెప్పలేకపోయిన అంకె ఇదే. ఇంకో చర్యలో ఇంకోలా ఉంటుంది. ఎంతన్నది స్థిరాంకాన్ని బట్టి, మొదట్లో ఏవి ఎంతెంత ఉన్నాయన్నదాన్ని బట్టి తేలాలి. "వ్యతిరేకిస్తుంది" అన్న మాటలో ఆ ముక్క లేదు.

మే 4

సాయంత్రం గాలిదుమారం, కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు కింద కాగితం మీద ఒక ప్రయోగం చేశాం. ఇంట్లో చేయకూడనిది: నైట్రోజన్ డయాక్సైడ్. రాగి ముక్క మీద నత్రికామ్లం పోస్తే గోధుమ రంగు పొగ వస్తుందని పిల్లకు ఎవరో వీడియో చూపించారట. ఊపిరితిత్తులు పాడుచేసే వాయువు, లక్షణాలు గంటల తర్వాత బయటపడినా పడవచ్చు. ఆ మాట ఎత్తొద్దన్నాను.

గోధుమ రంగు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులు రెండు కలిస్తే రంగులేని డైనైట్రోజన్ టెట్రాక్సైడ్. పీడనం పెంచితే అణువుల సంఖ్య తగ్గే వైపు, అంటే రంగులేని వైపు జరుగుతుందని పుస్తకం. అయితే గట్టిగా నొక్కితే రంగు తగ్గాలిగా?

25 డిగ్రీల దగ్గర, మొత్తం పీడనం 1 అట్మాస్ఫియర్. రంగులేనిది విడిపోయే వైపు స్థిరాంకం 0.15 గా తీసుకున్నాం. గోధుమ వాయువు వాటా 0.32, మిగతా 0.68 రంగులేనిది. సిరంజిని చటుక్కున సగానికి నొక్కితే, చర్య కదిలే లోపు అన్నీ రెట్టింపు: గోధుమది 0.64, మొత్తం 2. తర్వాత సర్దుకుంటుంది. ఎక్కడ ఆగుతుందో వర్గ సమీకరణం సాధిస్తే గోధుమది 0.47, మొత్తం పీడనం 1.91.

మేం 1 నుంచి 2కు పెంచాం. వ్యవస్థ "వ్యతిరేకించి" 1.91కి తెచ్చింది. రంగు 0.32 నుంచి 0.64కి ఎగిరి 0.47 దగ్గర ఆగింది. చూసేవాళ్ళకు ముందు ముదిరి, తర్వాత కొంచెం వెలుస్తుంది, కానీ మొదటికంటే ముదురుగానే ఉండిపోతుంది. "నొక్కితే రంగు తగ్గుతుంది" అని బిట్ పేపర్లో టిక్కు పెట్టే పిల్లలకు ఈ మూడు అంకెలు ఒక్కసారి చూపిస్తే చాలు.

కరెంటు వచ్చేసరికి పదకొండు.

మే 7

కోబాల్ట్. తొడుగులు వేసుకుని నేనే చేశాను, పిల్ల చూసింది. దీన్ని ముట్టుకోవడం, పొడి పీల్చడం మంచిది కాదు. చిన్న పరీక్షనాళికలో ఐపీఏ, అందులో ఎర్రటి కోబాల్ట్ క్లోరైడ్ పలుకులు నాలుగైదు. కరిగేసరికి చిక్కని నీలం. డ్రాపర్‌తో నీళ్ళు ఒక్కో చుక్క వేస్తూ పోతే వంగపండు రంగు, తర్వాత గులాబీ. సరిగ్గా వంగపండు రంగు దగ్గర ఆపి, బిరడా బిగించాం.

నీటి అణువులు చుట్టూ చేరిన కోబాల్ట్ గులాబీ. క్లోరైడ్లు చేరినది నీలం. గులాబీ నుంచి నీలానికి వెళ్ళడం ఉష్ణగ్రాహక (వేడిని పీల్చుకునే) చర్య. వేడి నీళ్ళ గిన్నెలో పెట్టగానే నీలం, ఐసు ముక్కల గిన్నెలో గులాబీ. ఐపీఏ అంటుకునే ద్రవం, పొయ్యి దగ్గరకు తీసుకెళ్ళనే లేదు, వేడి నీళ్ళు మాత్రమే.

ఇక్కడ ఒక తేడా. ఇంతవరకు గాఢతలతో, పీడనంతో ఆడుకున్నాం. స్థిరాంకం అలాగే ఉంది, దాన్ని చేరడానికి మిశ్రమం సర్దుకుంది. ఉష్ణోగ్రత మారిస్తే స్థిరాంకమే మారిపోతుంది. గమ్యం ఉన్నచోటే ఉండి మనల్ని పక్కకు తోయడం ఒకటి, గమ్యాన్నే ఎత్తి వేరేచోట పెట్టడం ఇంకొకటి. పుస్తకం రెండింటినీ ఒకే వాక్యంలో కట్టేసింది.

మే 8

నాళికను బాల్కనీ తలుపు పక్కన, ఎండ తగలని చోట పెట్టాం. పొద్దున ఆరింటికి గులాబీ కలిసిన వంగపండు రంగు, థర్మామీటర్ 29. మధ్యాహ్నం మూడింటికి 38, నీలం! మేం ఏమీ చేయలేదు. హైదరాబాద్ ఎండాకాలమే హీటరు.

పిల్ల పొద్దుటి రంగు చూసి "సగం గులాబీ, సగం నీలం ఉంటాయి" అంది. ఉండవు. నీలం రూపం వెలుతురును మింగే శక్తి గులాబీ రూపం కంటే నూరు రెట్ల పైమాటే. ఒక గదిలో వందమంది గుసగుసలాడుతుంటే ఒక్కడు మైకు పట్టుకున్నట్టు. కోబాల్ట్‌లో ఏ రెండు మూడు శాతమో నీలమైతే చాలు, నాళిక వంగపండు రంగులో కనిపిస్తుంది. కంటికి కనిపించే రంగును చూసి వాటాలు చెప్పకూడదని ఇనుము దగ్గర ఒకసారి, ఇక్కడ రెండోసారి తేలింది.

మే 12, ఆదివారం

సోడా. పనికి తక్కువ, సరదాకు ఎక్కువ. సూది లేని 60 మి.లీ. సిరంజి మందుల షాపులో దొరికింది. ప్యాకింగ్ సోడా 15 మి.లీ., మిథైల్ రెడ్ మూడు చుక్కలు: ఎరుపు. మూతి బిగించి పిస్టన్ వెనక్కి లాగితే లోపల ఒత్తిడి పడిపోయి బుడగలు బుసబుసా వచ్చాయి. ఆ వాయువును బయటికి వదిలి, మళ్ళీ లాగి, నాలుగుసార్లు చేసేసరికి నారింజ, తర్వాత పసుపు వైపు. కార్బన్ డయాక్సైడ్ పోతే కార్బోనిక్ ఆమ్లం తగ్గింది, అంతే.

ఉత్సాహంగా వీధి చివర బండి దగ్గర గోలీసోడా తెచ్చాం. చుక్కలు వేయగానే, ఇంకా లాగకముందే నారింజ. బండాయన నీళ్ళు ఎక్కడివో అడగలేదు, మా బోరు నీళ్ళ అనుభవంతో ఊహించాం. బైకార్బొనేట్ ఉన్న నీటిలో ఎంత గ్యాసు నింపినా ఆమ్లత్వం అంత సులువుగా పెరగదు. రుచికి మాత్రం ఏ లోటూ లేదు. ఇంకోటి విడిగా తెచ్చుకుని ఉప్పు, నిమ్మకాయ వేసుకుని తాగాం.

మే 17

పాన్ డబ్బా దగ్గర తమలపాకు సున్నం కాస్త అడిగితే డబ్బులు కూడా తీసుకోలేదు. డిస్టిల్డ్ నీళ్ళలో కలిపి రాత్రంతా ఉంచి, పైన తేరిన సున్నపుతేటను వంపుకున్నాం. స్ట్రాతో ఊదితే పాలలా తెల్లబడుతుందని ఎనిమిదో తరగతి పిల్లలకూ తెలుసు. ఇంకా ఊదుతూ పోతే ఆ తెలుపు కరిగి మళ్ళీ తేటపడుతుందని పుస్తకం. పిల్ల ఊదింది. నేను ఊదాను. ఇరవై నిమిషాలు. కళ్ళు తిరిగాయి గానీ తేట పడలేదు.

సున్నపురాయి కరగాలంటే నీరు, కార్బన్ డయాక్సైడ్ కలిసి దాన్ని కాల్షియం బైకార్బొనేట్‌గా మార్చాలి. మన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతం దాకానే. కాల్షియం ఒకటి, బైకార్బొనేట్లు రెండు, మొత్తం మూడు అయాన్లు పుడతాయి కాబట్టి ఈ లెక్కలో ఘనమూలం వస్తుంది. సున్నపురాయి రెండింతలు కరగాలంటే వాయువు ఒత్తిడి ఎనిమిదింతలు కావాలి. నిండుగా సున్నం ఉన్న తేటకు ఊపిరి ఒత్తిడి ఏ మూలకు? తేట ఒక వంతు, సోడా నాలుగు వంతులు చేసి పోశాం. ముందు పాలు, అరనిమిషంలో నీళ్ళు. పిల్ల చప్పట్లు కొట్టింది.

ఆ తేటనీటిని పాత స్టీలు గిన్నెలో (అమ్మ దానం చేసిన చిల్లుగిన్నె, చిల్లు పైన ఉంది) కాచాం. బుడగలు, తర్వాత మళ్ళీ తెలుపు. వేడికి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతే చర్య వెనక్కి నడిచింది.

గిన్నె అంచుకు పట్టిన తెల్లటి పొరను గోరుతో గీకి, పిల్ల బాత్రూమ్ వైపు చూసింది. "పిన్నీ, పోయిన నెల మెకానిక్ పీకి చూపించిన గీజర్ కాయిల్ మీద ఉన్నది ఇదేనా?"

అదే. బోరు నీళ్ళలో కరిగిన బైకార్బొనేట్ గీజర్‌లో వేడెక్కగానే సున్నపురాయిగా దిగిపోతుంది. బకెట్ల మీద మరకలు, కుళాయి మూతికి పట్టే గార, అన్నీ ఇదే బాపతు. భూమి కింద కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న చోట రాయి కరుగుతుంది, మా గీజర్‌లో తిరిగి రాయవుతుంది. కొత్త కాయిల్‌కు పెట్టిన డబ్బు గుర్తొచ్చి మా ఆయన ఈ వివరణను అంతగా ఆనందించలేదు.

మే 20

రాత్రి పిల్ల అడిగింది, ఈ సూత్రం పెట్టినాయన పేరు అసలెలా పలకాలని. ఫ్రెంచివాడు, లె షాటెలియే. మా సారు లీ చాట్లియర్ అనేవారు, ఎంసెట్‌కు అదీ చాలు. 1884లో సూత్రం చెప్పాడు. 1901లో అమ్మోనియాను నైట్రోజన్, హైడ్రోజన్‌లతో ఒత్తిడి మీద తయారుచేయబోతే, పరికరంలో గాలి కలిసి పేలింది, సహాయకుడు త్రుటిలో బతికాడు. ఆ పని అక్కడితో వదిలేశాడు. తర్వాత 1909లో జర్మన్ రసాయనవేత్త హాబర్ చేసి చూపించాడు, 1913లో జర్మనీలోని ఒప్పావులో ఫ్యాక్టరీయే లేచింది. అమ్మోనియా చేజార్చుకోవడం తన జీవితంలో పెద్ద పొరపాటని లె షాటెలియే ముసలితనంలో బాధపడ్డాడు.

ఆ అమ్మోనియా చర్యలోనే ఒక మెలిక ఉంది. నైట్రోజన్ ఇంకా కలిపితే అమ్మోనియా పెరగాలి, అది "వ్యతిరేకించడం". పెట్టె పరిమాణం మారకపోతే అలాగే జరుగుతుంది. కానీ పీడనాన్ని స్థిరంగా ఉంచి (అంటే పెట్టెను సాగనిచ్చి), మిశ్రమంలో అప్పటికే సగానికి పైగా నైట్రోజన్ ఉన్నప్పుడు ఇంకా నైట్రోజన్ వేస్తే, అమ్మోనియా తగ్గుతుంది! పెట్టె సాగడంతో హైడ్రోజన్ పలచబడుతుంది. హైడ్రోజన్ గాఢత లెక్కలో మూడో ఘాతంలో కూర్చుంది కాబట్టి ఆ దెబ్బ నైట్రోజన్ పెరిగిన లాభాన్ని మించిపోతుంది. పిల్ల నమ్మలేదు. చర్యాభాగఫలం (ఆ క్షణంలో ఉన్న గాఢతలతో స్థిరాంకం సూత్రంలో వేస్తే వచ్చే అంకె) వేసి, స్థిరాంకంతో పోల్చి చూడమన్నాను. ఫలం చిన్నదైతే ముందుకు, పెద్దదైతే వెనక్కి. రెండుసార్లు వేసింది, రెండుసార్లూ పెద్దదే వచ్చింది. మూడోసారి నా చేత వేయించింది.

ఉత్ప్రేరకం గురించి రాయడానికేం లేదు. అది రెండు దిశల వేగాన్నీ ఒకేలా పెంచుతుంది, స్థానం కదలదు. దీనిమీద ప్రయోగం పెట్టలేదు.

మే 26, ఆదివారం

సర్దుడు. సున్నపు నీళ్ళు, సోడా మోరీలోకి. ఇనుము-థయోసయనేట్ మిశ్రమం ఒక సీసాలో, బ్లీచింగ్ పౌడర్‌కు దూరంగా. కోబాల్ట్ మాత్రం సింకులో పోయకూడదు. అమ్మిన చోట అడిగితే, వెనక్కి తీసుకోం అన్నారు. నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు ఒక కాలేజీలో లెక్చరర్, వాళ్ళ ల్యాబ్ వ్యర్థాల డబ్బాలో వేస్తానంది. సీసా మీద పేరు, తేదీ, ద్రావకం పెద్ద అక్షరాలతో రాసి తెస్తేనే లోపలికి రానిస్తారట.

పిల్ల ఒక నాళిక ఉంచుకుంటానని పట్టుబట్టింది. చూస్తే అందులో మట్టం అర సెంటీమీటరు దిగి ఉంది, రంగు పొద్దున కూడా గులాబీ వైపే మొగ్గుతోంది. బిరడా సందులోంచి ఐపీఏ ఎగిరిపోతోంది, నీటి పాలు పెరుగుతోంది. మూసిన పాత్ర అని మేం అనుకున్నది మూసినది కాదన్నమాట. ఇవ్వను పొమ్మన్నాను. అన్నీ కలిపి సీసాలో పోశాం, 40 మి.లీ. కూడా లేదు. మూత చుట్టూ టేపు వేసి, కవరులో పెట్టి, లేబుల్ తనచేతే రాయించాను. "కోబాల్ట్ క్లోరైడ్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, విషం" అని రాసి, కింద చిన్నగా "మధ్యాహ్నం నీలం, పొద్దున గులాబీ" అని కూడా రాసింది. స్నేహితురాలు దాన్ని కొట్టేయమనలేదు.